కంచు నాన్న

క్రేన్ ఫోర్క్, సస్కాచెవాన్
1991 అక్టోబర్ 14

ఒరేయ్ వెండెల్,

ఇక్కడ నేనూ, రింకులో ఐసూ క్షేమం. నువ్వెలా ఉన్నావో టీవీలో చూస్తూనే ఉన్నాను. ఈ ఏడు ఆడుతున్నట్టు లేదు, ఆటలోకి వెళ్లేవాళ్లకు బెంచి తలుపు తీస్తూ మూస్తూ ఉన్నావు. తలుపు మాత్రం బాగా తీస్తున్నావు. ఇంతవరకు ఒక్క ఆటగాడి వేలు కూడా నలగలేదు.

అసలు సంగతికి వస్తాను. మన ఊరి ఐసు హాకీ రింకుకు కొత్త పైకప్పు వేస్తున్నారని రాశాను కదా. కప్పు కొత్తదైతే పేరు కూడా కొత్తది కావాలట. పోయిన మంగళవారం కమిటీ కూర్చుంది. పక్కనే నేను ఐసు చదును చేసే బండికి బ్లేడు మారుస్తున్నాను కాబట్టి ఎవరూ పిలవకపోయినా మొత్తం విన్నాను. నీ పేరే పెడతారనుకున్నాను. ఇంతలో మెర్విన్ స్టోబ్ లేచాడు. మన పాత ఇంటి పక్కింటి మెర్వినే, ఇన్సూరెన్స్ మెర్విన్. ఇప్పుడు కమిటీ అధ్యక్షుడు.

"వెండెల్ గొప్పోడే, కాదన్లేదు. ఇరవై ఏళ్లుగా గోలు దగ్గర, దూసుకొచ్చే రబ్బరు పక్‌లకి ఎదురు నిలబడ్డాడు. కానీ వెండెల్‌ని తయారుచేసిందెవరయ్యా? స్టాన్ కోజక్! సున్నాకి ముప్పై డిగ్రీల కింద, పెరట్లో పైపు పట్టుకుని, నీళ్లు గడ్డకట్టించి, కొడుకు ఆడుకోడానికి ఐసు పోసిన తండ్రి! ఈ ఊరికి కావాల్సింది అట్లాంటి తండ్రులు!" అన్నాడు.

ఒకటే చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఎవరో తెలుసా? బీరు హోటల్ ఆల్విన్. నాన్నను నెలకు రెండుసార్లు కాలరు పట్టుకుని బయట మంచులో పడేసిన ఆల్విన్. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. మన నాన్న పోయి తొమ్మిదేళ్లే అయింది, అప్పుడే ఆయన కళ్లు రింకంత అయ్యాయి.

ఇంతకీ తేల్చింది ఏమిటంటే, మన రింకుకు స్టాన్ కోజక్ రింకు అని పేరు. గుమ్మం ముందు నాన్న కంచు విగ్రహం, చేతిలో నీళ్ల పైపు. మార్చిలో ఆవిష్కరణ. నువ్వు రావాలట, నేను నాన్న ప్రేమ గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. ఆ రోజు బండి నడిపే పని ఉంది, తీరదన్నాను. "రెండు నిమిషాలు బండి ఆగితే ఐసేం కరిగిపోదులే నడీన్" అన్నాడు మెర్విన్.

ఈ పైపు కథ పదహారేళ్ల కిందట, జట్టు నిన్ను ఎంచుకున్న రోజున నువ్వే పేపరువాడికి చెప్పావు. తర్వాత ట్రక్కుల కంపెనీ దాన్ని ప్రకటన చేసింది. నేను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఇప్పుడూ అనను. విగ్రహం గురించి నువ్వేమంటావో అడుగుతున్నాను, అంతే.

నీ అక్క,
నడీన్


బఫెలో, హోటల్ గది
1991 నవంబర్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. నా గదిలో ఉండే కొత్త గోల్‌కీపర్ నావైపు పాపిష్టివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇవాళ ఆట ఉంది మరి. ఆట రోజున అతను నోరు విప్పడు, ఎడమ కాలి సాక్సు ముందు తొడుక్కోడు, గీతలు తొక్కడు. నేనూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు నాకు ఏ నియమమూ లేదు. బెంచి తలుపు తీయడానికి ఏ కాలి సాక్సు ముందు తొడుక్కుంటే ఏం?

విగ్రహం సంగతి అంటావా, పెట్టుకోనీ. పోయినవాడు లేచి వచ్చి సిగ్గుపడడు. ఎప్పుడో ఒకసారైనా నాన్న ఆ పైపు పట్టుకునే ఉంటాడులే. నాకు సరిగా గుర్తులేదు, మరీ చిన్నవాణ్ణి కదా.

నీకో మంచి మాట చెప్పాలి. నా మోకాళ్లు రెండూ అయిపోయాయి. ఇదే ఆఖరి సీజన్. పై ఏడు నుంచి టీవీవాళ్లు నాకు సొంతంగా ఒక కార్యక్రమం ఇస్తామంటున్నారు. పేరు "నాన్న, పైపు, నేను". ప్రతి వారం ఒక ఆటగాణ్ణీ అతని తండ్రినీ కూర్చోబెట్టి కంటతడి పెట్టించాలి. "మాజీ గోల్‌కీపర్లు వీధికి పదిమంది ఉన్నారయ్యా, అలాంటి తండ్రి ఉన్నవాడివి నువ్వొక్కడివే" అన్నాడు వాళ్ల పెద్దమనిషి. ముప్పై ఆరేళ్లొచ్చాయి. పక్‌కి అడ్డం పడటం తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఈ ఉద్యోగం కూడా లేకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

అందుకని కాస్త సర్దుకుపో అక్కా. ఆ రెండు నిమిషాలూ ఏదో ఒకటి మాట్లాడెయ్. మాటలు నీకు నాకంటే బాగా వస్తాయి.

నీ తమ్ముడు,
వెండెల్


క్రేన్ ఫోర్క్
1991 నవంబర్ 25

వెండెల్,

రెజీనా నుంచి శిల్పి వచ్చాడు. పైపు పట్టుకున్న నాన్న ఫోటో కావాలన్నాడు. అలాంటిది ఎక్కడుంటుంది? ఇంట్లో మిగిలింది ఒకటే ఫోటో. ధాన్యం గిడ్డంగి పనివాళ్ల గుంపులో, మీసంతో, కళ్లు మూసుకుని ఉన్నాడు. ముఖానికి అది చాలట, కళ్లు తనే తెరుస్తాడట. ఆయన కళ్లు తెరిపించడం మన అమ్మవల్ల కాక, రెజీనా బస్సెక్కి వెళ్లిపోయింది. ఈ శిల్పి ఏం చేస్తాడో చూడాలి.

మిగిలింది ఒళ్లు. పైపు పట్టడం తెలిసిన మనిషెవరైనా కాసేపు నిలబడాలన్నాడు. మెర్విన్ ఉత్సాహంగా ముందుకొచ్చి, పూలమొక్కలకు నీళ్లు పోస్తున్నట్టు పట్టుకున్నాడు. ఆల్విన్ పట్టుకుంటే పాము పట్టుకున్నట్టుంది. చూడలేక నేను తీసుకున్నాను. పైపు మొన నేలకు వంచి, బొటనవేలితో నోరు సగం మూసి, వెనక్కి నడుస్తూ పోయాలి. ముందుకు నడిస్తే తడి ఐసులో మన అడుగులే పడతాయి. ఆ శిల్పి ఎగిరి గంతేసి, "అదీ! అట్లాగే ఉండండి మేడమ్, కదలొద్దు!" అన్నాడు. నాలుగు గంటలు నిలబెట్టాడు.

"ఇదంతా మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నారా?" అని అడిగాడు.

"లేదండీ, ఆయన దగ్గర వేరేవి నేర్చుకున్నా" అన్నాను. పాపం, అదీ రాసుకున్నాడు.

కాబట్టి విగ్రహానికి తల నాన్నది, చేతులూ నడుమూ నావి.

నవ్వు ఇక్కడితో చాలు. నీకు గుర్తులేదన్నావు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్లూ చెప్పకూడదనే అనుకున్నాను. నాన్న ఆ పైపు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. పోసింది నేను. నాకు పదకొండేళ్లు, నీకు ఆరు. అమ్మ వెళ్లిపోయిన తర్వాత వచ్చిన మొదటి చలికాలం. స్కూలుకు వెళ్లేముందు లేచి పెరట్లో పోసేదాన్ని. చన్నీళ్ల ఐసు గరుకుగా ఉంటుంది, ఆఖరి పొర వేణ్నీళ్లతో పోస్తే అద్దంలా వస్తుంది. అందుకని ఇంట్లో కాచిన నీళ్లన్నీ మోసుకెళ్లి పోసేదాన్ని. నాన్న లేచి గడ్డం గీసుకుందామని చూస్తే వేణ్నీళ్లు ఉండేవి కావు. బెల్టు తీసేవాడు. పెరట్లో ఐసు నున్నగా వచ్చిన ప్రతి రోజూ నేను స్కూల్లో కుర్చీకి ఆనుకోకుండా కూర్చున్నాను.

ఎవరు పోశారని నువ్వడిగితే "నాన్న పోశాడురా, నీకోసం" అని చెప్పాను. ఆరేళ్ల పిల్లవాడికి తండ్రి అనేవాడు ఒకడుండాలి కదా అనిపించింది. ఆ అబద్ధం నాదే. నువ్వు గోల్‌కీపర్‌వి ఎందుకయ్యావో కూడా చెబుతాను విను. పుట్టుకతో వచ్చిన వరం అంటుంటారు టీవీలో. మనిద్దరికీ కలిపి ఒకటే జత స్కేట్లు, అవి నా కాళ్లకే పట్టేవి. బూట్లతో నిలబడటానికి వీలైన చోటు గోలు ఒకటే. అందుకని నిన్ను అక్కడ నిలబెట్టాను.

ఏ పని చేసినందుకు ఆ మనిషి నన్ను కొట్టాడో, ఆ పనికే ఊరు ఆయనకు విగ్రహం పెడుతోంది. రోజూ దాని పక్కనుంచే నేను పనికి వెళ్లాలి. నావల్ల కాదు వెండెల్. నాకు పేరు వద్దు, ఏ గౌరవమూ వద్దు. అది ఆపించు, చాలు. నేను చెబితే ఈ ఊరు వినదు. నువ్వు ఒక్క మాటంటే వింటుంది.

నువ్వు ఊళ్లు తిరుగుతుంటావు కాబట్టి ఇది జట్టు ఆఫీసుకే పంపుతున్నాను. త్వరగా జవాబు రాయి.

నడీన్


జట్టు కార్యాలయం
1991 డిసెంబర్ 16

ప్రియమైన నడీన్,

మీరు ఎంతో ప్రేమతో రాసిన ఉత్తరం అందింది. మీలాంటి అభిమానులే నా బలం!

నేను ఎలా గోల్‌కీపర్ అయ్యానని చాలామంది అడుగుతుంటారు. మా చిన్న ఊళ్లో, గడ్డకట్టే చలిలో, మా నాన్న పెరట్లో పైపు పట్టుకుని నాకోసం ఐసు పోసేవారు. ఆయన ప్రేమే నన్ను ఇంతవాణ్ణి చేసింది. మీరు కూడా ఇవాళే మీ నాన్నగారిని ఒకసారి గట్టిగా కౌగిలించుకోండి! బాగా చదువుకోండి, రోజూ పాలు తాగండి, పళ్లు తోముకోండి, మీ కలలను వదలకండి!

దీనితో నా ఫోటో ఒకటి, స్టిక్కరు ఒకటి జతపరుస్తున్నాను.

మీ
వెండెల్ కోజక్, నంబర్ 35


క్రేన్ ఫోర్క్
1991 డిసెంబర్ 28

మహారాజశ్రీ గోల్‌కీపర్ వెండెల్ కోజక్ గారి సముఖమునకు, అభిమాని నడీన్ నమస్కరించి వ్రాయునది ఏమనగా,

తమరు దయతో పంపిన ఫోటో అందింది. అందులో తమరు చాలా అందంగా ఉన్నారు. మాస్కు తొడుక్కుని ఉన్నారు కాబట్టి అలా అనిపించి ఉండవచ్చు. స్టిక్కరు మా ఐసు బండికి అంటించాను. వెనకవైపున, పొగ గొట్టం దగ్గర ఖాళీ ఉంటే అక్కడ అంటించాను.

తమరి సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. పాలు తాగుతున్నాను. పళ్లు తోముకుంటున్నాను. ఒకటి నా పద్నాలుగో ఏట మా నాన్నగారు రాలగొట్టారు, మిగతావి తోముకుంటున్నాను. ఆయన్ని కౌగిలించుకుందామని శ్మశానానికి కూడా వెళ్లాను. సమాధి మీద నాలుగడుగుల మంచు ఉంది. పార తీసుకెళ్లలేదు కాబట్టి తిరిగి వచ్చాను. ఆ లోటు మన్నించగలరు.

తమరి ఉత్తరంలో నాకు నచ్చింది దాని వేగం. ముప్పై ఏళ్లు నోరు నొక్కుకుని, నాలుగు సాయంత్రాలు కూర్చుని నేను రాసినదానికి తమరు ఎనిమిది వాక్యాల్లో జవాబు చెప్పేశారు. ఇక తమరిని శ్రమపెట్టను. మార్చిలో ఆవిష్కరణనాడు ఆ రెండు నిమిషాలూ మాట్లాడతాను. ఏం మాట్లాడాలో తమరి ఆఫీసు అచ్చువేసి పంపనే పంపింది. అదే చదువుతాను. మెర్విన్ గారు కంటతడి పెట్టుకుంటారు.

చిత్తగించవలెను.

తమరి అభిమాని,
నడీన్ కోజక్
వయసు 41


సెయింట్ లూయిస్, హోటల్ గది
1992 జనవరి 11

అక్కా,

ఇది ఐదో కాగితం. నాలుగు చింపేశాను.

మొదటి దాంట్లో ఆఫీసు పిల్ల పొరపాటు చేసిందని రాశాను. అభిమానుల ఉత్తరాలకు అచ్చు జవాబులు పంపడం ఆమె పని. ఆ ఉత్తరాల సంచిలోకి నీ ఉత్తరం పొరపాటున వెళ్లింది, ఆమెను బాగా తిట్టాను అని రాశాను. చదువుకుంటే చక్కగా నమ్మేలా ఉంది. అందుకే చింపేశాను.

నీ ఉత్తరం నాకే అందింది. డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు విప్పకుండానే రెండుసార్లు చదివాను. తర్వాత దాన్ని మళ్లీ కవరులో పెట్టి, అంటించి, అభిమానుల సంచిలో నేనే వేశాను. అందులో పడితే ఎవరో ఒకరు జవాబు రాస్తారు, నాకు రాసే పని తప్పుతుంది అనుకున్నాను. ఇరవై ఏళ్లు పక్‌కి ముఖం అడ్డం పెట్టాను, ధైర్యవంతుణ్ణని పేరు తెచ్చుకున్నాను. అక్క రాసిన మూడు కాగితాలకు భయపడి సంచి వెనక దాక్కున్నాను.

ఇంకొకటి ఉంది. నన్ను నమ్మించానని నువ్వు ఇన్నాళ్లూ అనుకుంటున్నావు. లేదక్కా. నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. వంటింటి కిటికీ అద్దానికి మంచు పట్టేది కదా, దానిమీద బొటనవేలు ఆనించి ఆనించి చిన్న బెజ్జం చేసుకుని చూసేవాణ్ణి. నువ్వు వెనక్కి నడుస్తూ పోయడం చూశాను. బకెట్లు మోయడం చూశాను. నువ్వు లోపలికి రాగానే ఆయన లేవడం వినపడితే బల్లకింద దూరి చెవులు మూసుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా బయటికి రాలేదు. తర్వాత నువ్వు వచ్చి "నాన్న పోశాడురా" అంటే "అబ్బో, నాన్న ఎంత మంచోడో" అనేవాణ్ణి. అలా అంటే నీ ముఖంలోకి కాస్త వెలుగు వచ్చేది. నీకోసం నాకు చేతనైంది అదొక్కటే అనిపించేది.

మరి జట్టు ఎంచుకున్న రోజున ఎందుకలా చెప్పానంటావా? కుర్రాళ్లందరి తండ్రులూ టైలు కట్టుకుని వచ్చారు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ట్రక్కు దారిలో చెడిపోయింది, మా నాన్న వస్తున్నాడు అని అందరికీ చెప్పుకున్నాను. పేపరువాడు "ఇంట్లో నీకు ఐసు ఎవరు పోసేవారు?" అన్నాడు. "మా అక్క" అనడానికి నోరు తెరిచాను. అమ్మాయి పోసిన ఐసు మీద ఆడాడని వాళ్లు నవ్వుతారనిపించింది. నీ పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాను. దానికి ఇంకే కారణమూ లేదు.

నన్ను క్షమించు. ఆ బల్లకింద ఉండిపోయినందుకు, ఆ కుర్చీలో చెప్పినదానికి, ఆ సంచికి.

ఫిబ్రవరి 8, శనివారం ఆటలో మొదటి విరామంలో నన్ను మాట్లాడిస్తారు. కొత్త కార్యక్రమం గురించి ప్రకటించాలట. టీవీ చూడు. ఆ రోజు నేను నిజం చెప్పకపోతే ఇక నాకు ఉత్తరం రాయకు.

వెండెల్


క్రేన్ ఫోర్క్
1992 మార్చి 9

ఒరేయ్ వెండెల్,

నెల రోజులు ఆగి రాస్తున్నాను. ఊళ్లో గొడవ కాస్త సద్దుమణిగితే గానీ చేతికి తీరిక చిక్కలేదు.

ఆ శనివారం రింకు క్యాంటీన్లో టీవీ ముందు నలభైమంది ఉన్నారు. నీకు చెమటలు పట్టడం ఇక్కడికి కనిపించింది. "ఐసు పోసింది మా నాన్న కాదు, మా అక్క నడీన్" అన్నావు. ఆ మైకువాడు గడుసువాడు, ఒక్క క్షణంలో అందుకుని "అంటే నాన్నగారు అక్కగారికి నేర్పారన్నమాట! ఎంత గొప్ప కుటుంబం!" అన్నాడు. "కాదు సార్. వేణ్నీళ్లు వాడేసిందని ఆయన ఆమెని బెల్టుతో కొట్టేవాడు. నాకు తెలుసు. ఇన్నేళ్లు చెప్పలేదు" అన్నావు. వాడు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండగా ప్రకటన వేసేశారు. మన ట్రక్కుల ప్రకటనే. ఎవరో నటుడు మీసం పెట్టుకుని, పైపు పట్టుకుని, కొడుకువైపు చూసి నవ్వుతున్నాడు. నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను. బయట రింకులో ఆడటానికి తర్వాతి జట్టువాళ్లు ఎదురుచూస్తుంటే వెళ్లి ఐసు చదును చేశాను.

నీ కార్యక్రమం ఇంకో గోల్‌కీపర్‌కి ఇచ్చారని విన్నాను. అతనికి తండ్రితోపాటు తాత కూడా ఉన్నాడట. పోనీలే, నీకు కంటతడి పెట్టించడం రాదు.

ఇక్కడ కమిటీ అత్యవసరంగా కూర్చుంది. ఈసారి నన్ను పిలిచి కూర్చోబెట్టారు. విగ్రహం అప్పటికే పోతపోసి తెచ్చేశారు. "పైపు కొన్నది స్టానే కదా, ఆ మాట రాస్తే సరిపోద్ది" అన్నాడు ఆల్విన్. ఆ పైపు ఎరువు తెచ్చుకున్నదని, నేనే వాళ్ల హోటల్ నుంచి తెచ్చానని గుర్తుచేశాను. అప్పుడు మెర్విన్ చాలాసేపు ఆలోచించి, "విగ్రహం అట్లాగే ఉంచి, కింద నడీన్ పేరు రాద్దాం" అన్నాడు.

"మీసంతోనా?" అన్నాను.

"దూరం నుంచి తెలీదులే" అన్నాడు.

వద్దన్నాను. అరవలేదు, ఏడవలేదు, వద్దని నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి విన్నారు. రింకు పేరు ఇప్పుడు రింకే. విగ్రహాన్ని ఏం చేయాలో తోచక నా బండి ఉండే షెడ్డులో పెట్టారు. చాచిన చేతికి నా కోటు తగిలిస్తున్నాను. ఆయన నాకు పనికి రావడం ఇదే మొదలు.

ఇక ఊరు. ఇప్పుడు దుకాణానికి వెళ్లినా, చర్చికి వెళ్లినా, కాఫీ బల్ల దగ్గర కూర్చున్నా ఒకటే మాట: "మాకు అప్పుడే తెలుసులే నడీన్." టీచరుకు తెలుసట. డాక్టరుకు తెలుసట. నిన్న మెర్విన్ నా చెయ్యి పట్టుకుని, "మా వంటింటి కిటికీ మీ పెరటివైపే కదమ్మా. అంతా కనిపించేది, అంతా వినిపించేది. మా ఆవిడ ఎన్నిసార్లు బాధపడిందో" అన్నాడు.

"మరి ఒక్కసారైనా వచ్చి తలుపు తట్టలేదేం మెర్విన్?" అన్నాను.

"ఇంకొకరి ఇంటి విషయం కదా" అని, కాసేపటికి ఈ ఏడు గోధుమ ఎలా ఉంటుందో అని మొదలుపెట్టాడు.

నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. జట్టు ఆఫీసు సంచిలో వేసినందుకు నీమీద ఇంకా కోపంగానే ఉంది, అది అంత త్వరగా పోదు. సీజన్ అయిపోగానే ఇంటికి రా, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను. కానీ బల్లకింద ఉండిపోయినందుకు మాత్రం ఇంకెప్పుడూ నన్ను క్షమాపణ అడగకు. నువ్వూ కిటికీలోంచి చూశావు, మెర్వినూ కిటికీలోంచే చూశాడు. నీకు అప్పుడు ఆరేళ్లురా. అతనికి ముప్పై.

నీ అక్క,
నడీన్